పక్షుల లెక్క మనమే రాద్దాం, మందుచెట్ల సంగతి మాత్రం ఊరు చెప్పాకే

పోస్టు కొంచెం పెద్దదే. మెస్సులో లైన్లో నిలబడి చదివితే అయిపోదు, తీరికున్నప్పుడు చదవండి.

పోయిన నెల మేం గ్రూపులో పక్షుల లిస్టు పెడితే రెండు రకాల మాటలొచ్చాయి. "పనిలేక పిట్టల్ని లెక్కపెడుతున్నారు, ఆ టైములో గ్రూప్స్‌కి చదువుకోవచ్చు కదా" అన్నారు కొందరు. "మన కొండ సంగతులన్నీ ఎవడో ఫారినోడి యాప్‌లో పెడుతున్నారు, రేపు వాడు అమ్ముకుంటే ఏటి సేస్తారు?" అన్నారు ఇంకొందరు. మొదటి మాటకి నవ్వి ఊరుకున్నాం. రెండో మాట మీద మాత్రం మా రూములో మూడు రాత్రులు వాదన నడిచింది. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఎందుకు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మేమెవరమో కొత్తవాళ్ళకి చెప్పాలి కదా. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండ ఊళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. సవరలం, జాతాపులం, గదబలం, కొండదొరలం ఒకే వరండాలో ఉంటాం. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనుషులం మేమే.

పేపర్లలో పౌర విజ్ఞానం అని రాస్తారు, ఇంగ్లీషులో సిటిజన్ సైన్స్. సైంటిస్టు కాని మనిషి, బడిపిల్లాడైనా రైతైనా, తను చూసింది ఒక పద్ధతిలో రాసి అందరి లెక్కలో కలపడం. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అలాంటిదే. చెట్లకి సీజన్‌వాచ్ ఉంది, వారం వారం ఒకే చెట్టుని చూసి ఆకు, పువ్వు, కాయ సంగతి రాయాలి. పేరు కొత్తది గానీ పని మనకి కొత్త కాదు. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగుల గుంపు ఈ పూట ఏ ఊరి జీడితోటలో ఉందో మన్యంలో ఊరూరా వాట్సాప్‌లో చెప్పుకుంటున్నాం కదా, అదేటి మరి? ప్రాణం మీదికొచ్చి చేస్తున్నాం కాబట్టి దాన్నెవరూ సైన్స్ అనలేదు, అంతే.

తేలినీలాపురం సంగతి తీసుకుందాం. టెక్కలి దగ్గర ఆ ఊరికి ఏటా వానాకాలం వెళ్ళేటప్పుడు గూడబాతులు (పెలికాన్లు), పసుపు ముక్కు పెద్ద కొంగలు (పెయింటెడ్ స్టార్కులు) వస్తాయి. చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరే లోపు పోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని మనం చిన్నప్పట్నుంచీ చదువుకున్నాం. పేపర్లో ఏటా అదే వార్త, క్విజ్‌లో అదే జవాబు, ఊరి ముందు బోర్డుల మీద కూడా చాలాకాలం అదే మాట.

అది నిజం కాదు. గూడబాతు మన దేశపు పక్షి. తిరుపతి జిల్లా నేలపట్టులో, కొల్లేరు ఆటపాకలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూళ్ళు కట్టేది కూడా ఇదే. పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ కూడా అంతే, నీళ్ళు, చేపలు, నత్తలు దొరికే చోటు వెతుక్కుంటూ ఈ దేశాల్లోనే తిరుగుతాయి. అసలు ఆలోచిస్తే పుస్తకం కూడా అక్కర్లేదు. సైబీరియా పక్షి చలికి తట్టుకోలేక ఇక్కడికి వస్తుంది, ఎండలొచ్చాక వెనక్కెళ్ళి అక్కడే గుడ్లు పెడుతుంది. ఇక్కడ గూడు కట్టి ఇక్కడే పిల్లల్ని లేపే పక్షికి ఇదే పుట్టిల్లు. కానుపుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని పట్టుకుని ఏ దేశం నుంచి వచ్చావమ్మా అని అడిగినట్టుంది మన వార్త. చలికాలం నౌపడ ఉప్పుమడుల్లో దిగే చిన్న చిన్న ఉల్లంకి పిట్టల్లో నిజంగానే ఉత్తరాన ఎక్కడో పుట్టినవి ఉంటాయి. వాటి గురించి మాత్రం ఎవరూ రాయరు, పెద్దగా కనబడవు కదా.

ఇన్నేళ్ళ తప్పు ఎలా తేలుతుంది? ఎవడో పెద్దమనిషి చెప్తే తేలదు. ఏ పక్షి ఏ నెలలో ఎక్కడుందో వేలమంది రాసింది పక్కపక్కన పెడితే తేలుతుంది. అక్టోబరులో గూడబాతు తేలినీలాపురంలో ఉంది సరే, జూన్‌లో ఎక్కడుంది? ఆ మ్యాపు ఎవరైనా ఫోన్లో తెరిచి చూసుకోవచ్చు. సైబీరియాలో ఒక్క చుక్క కనబడదు.

ఇప్పుడు పద్ధతి గురించి కొంచెం ఎక్కువే చెప్తాం, ఎందుకంటే "చూశాం" అనడానికీ "లెక్క రాశాం" అనడానికీ తేడా ఇక్కడే ఉంది. ఇప్పపూల కాలం గుర్తు తెచ్చుకోండి. మా ఊరి పెద్దావిడ ఒకామె అంటుంది: "ముందు తెల్లారేసరికి బుట్ట నిండిపోయీది, ఇప్పుడు మజ్జానం దాకా ఏరినా సగం కాదు." ఇందులో ఎంత లెక్క ఉందో చూడండి. ఎంతసేపు ఏరారు, ఎంత దొరికింది, ముందెంత, ఇప్పుడెంత. ఉత్తినే "పూలు తగ్గిపోయాయి" అని ఉంటే ఎవరూ నమ్మక్కర్లేదు, తక్కువసేపు ఏరారేమో అంటారు. పక్షుల లిస్టు కూడా సరిగ్గా ఇదే. ఎన్ని గంటలకి మొదలెట్టావు, ఎన్ని నిమిషాలు చూశావు, ఎంత దూరం నడిచావు, చూసినవీ విన్నవీ అన్నీ రాశావా? ఆ "అన్నీ" అన్నదే ముఖ్యం. కాకిని కూడా రాయాలి, గోరువంకని కూడా రాయాలి. మావాళ్ళు కొందరు వింత పక్షి కనబడితేనే రాస్తాం అంటారు. అన్నీ రాసిన లిస్టులో పాలపిట్ట లేదంటే ఆ పావుగంట అది కనబడలేదని అర్థం. వింతలే రాసిన లిస్టులో లేదంటే ఏ అర్థమూ లేదు.

పాలపిట్ట అన్నాం కాబట్టి ఆ కబురు కూడా. దసరా రోజు చూస్తే మంచిదని జనం పొలాల వెంట తిరుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో అది రాష్ట్ర పక్షి, విడిపోయాక తెలంగాణ దాన్నే ఉంచుకుంది, మనవాళ్ళు 2018లో రామచిలుకకి మారారు. 2023లో మన దేశపు పక్షుల పరిస్థితి మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. దాదాపు 30 వేల మంది మామూలు మనుషులు రాసిన 3 కోట్ల నమోదులు తీసుకుని 942 జాతుల సంగతి చూశారు. బాగా తగ్గిపోతున్న వాటిలో పాలపిట్ట ఉంది. ప్రపంచస్థాయి ఎర్ర జాబితాలో దాని స్థానం మళ్ళీ పరిశీలించమని అడిగే దాకా వచ్చింది. ఒక్క సైంటిస్టు తన జీతం మీద జీవితాంతం తిరిగినా తెలిసే సంగతి కాదిది. ఆ 30 వేల మందిలో మనవాళ్ళు ఎంతమంది?

ఈబర్డ్ మ్యాపు తెరిస్తే జవాబు కొంత కనబడుతుంది. హైదరాబాద్ చుట్టూ, విశాఖ చుట్టూ రంగు ముద్దగా ఉంటుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు కొండల వైపు వచ్చేసరికి పలచబడిపోతుంది. పక్షులు లేక కాదు. రాసే మనిషి లేక. కానీ దూరం నుంచి మ్యాపు చూసే ఆఫీసరుకి రెండూ ఒకలాగే కనబడతాయి.

మ్యాపులో ఖాళీ ఉంటే ఏమవుతుందో మన జిల్లాకి తెలియని సంగతి కాదు. సోంపేట బీల. అది నీళ్ళ నేల. చుట్టుపక్కల ఊళ్ళకి చేపలూ, సాగునీరూ, పశువుల మేతా అదే, పక్షులకీ అదే. కాగితాల్లో మాత్రం అది ఎందుకూ పనికిరాని నేల. ఆ కాగితం పట్టుకునే అక్కడ థర్మల్ ప్లాంటుకి అనుమతిచ్చారు. జనం ఎదురు తిరిగారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. బీల అంటే ఏటో అక్కడి చేపలోడికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసింది కాగితం మీద లేకపోవడానికి ఎంత ఖర్చయిందో చూడండి.

ఇప్పుడు మన వైపు రండి. సాలూరు మండలం కురుకుట్టి, కర్రివలస దగ్గర పంప్‌డ్ స్టోరేజి కరెంటు ప్రాజెక్టులకి 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. అవి మంచివా చెడ్డవా అన్నది ఈ పోస్టులో తేల్చే పని కాదు, ఆ ఊళ్ళ గ్రామసభలు తేల్చాలి. మేం చెప్పేది ఒక్కటే. పెద్ద ప్రాజెక్టు ఏదొచ్చినా ఎవరో ఒకరు వచ్చి అక్కడున్న చెట్టూ చేమా, పిట్టా పురుగూ లెక్క రాసి నివేదిక ఇస్తారు. వాళ్ళు ఉండేది కొన్ని రోజులు. మనం ఉండేది ఏడాది పొడుగునా. ఆ నివేదికలో "ఈ జాతి ఇక్కడ లేదు" అని ఉంటే, "ఫలానా తేదీ, ఫలానా టైముకి, ఈ గెడ్డ దగ్గర చూశాం, మూడేళ్ళుగా చూస్తున్నాం" అని మన చేతిలో ఉండాలి. ప్రాజెక్టు వచ్చాక హడావిడిగా రాసిన దానికి విలువ ఉండదు. ముందు నుంచి ఉన్నదానికే ఉంటుంది. మొదటి మాట అన్న మిత్రులకి, గ్రూప్స్‌కి చదవమన్నవాళ్ళకి, ఇదే మా జవాబు.

ఇక రెండో మాట. మన సంగతులు ఎవరో ఎత్తుకుపోతారన్న భయం.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మా మిత్రుడి ఊరికి ఒకసారి రీసెర్చి చేసేవాళ్ళొచ్చారు. వాళ్ళ తాతని వారం రోజులు కొండెక్కించారు. ఏ వేరు దేనికి, ఏ ఆకు ఎలా నూరాలి, అన్నీ చెప్పించుకుని రాసుకున్నారు. ఫోటో కూడా తీశారు. తర్వాత పుస్తకం అయిందో, పట్టా అయిందో, తాతకి కబురు లేదు. "స్థానికులు చెప్పిన ప్రకారం" అని ఉంటుందట లోపల. స్థానికులు అనే పేరుతో మన ఊళ్ళలో ఎవరూ లేరు.

గిడుగు రామమూర్తి గారిని మనం అందరం గౌరవిస్తాం. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, మనవాళ్ళకి బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించిన మనిషి. వాడుక భాషలో రాయమని కొట్లాడింది కూడా ఆయనే, ఈ పోస్టు ఇలా రాయగలుగుతున్నామంటే ఆ పుణ్యం కొంత ఆయనదే. ఆయన ఒక సవరాయన్ని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నాడని చదువుకున్నాం. గురువుని గురువు అనే కదా అనాలి. మరి ఆ గురువు పేరు ఈ గ్రూపులో ఎంతమందిమి చెప్పగలం? గిడుగు గారిని తప్పుపట్టడం కాదు. రాసేవాడి పేరు నిలుస్తుంది, చెప్పేవాడి పేరు నిలవదు, లోకం తీరు అది. అందుకే మనం చెప్పేవాళ్ళంగా మిగలకూడదు, రాసేవాళ్ళం కావాలి అంటున్నాం. లిస్టు మన పేరు మీద ఉంటుంది. తేదీ ఉంటుంది. పక్షి పక్కన నోట్ రాసే చోటు ఉంటుంది, అక్కడ మన భాషలో దాని పేరు తెలుగు లిపిలోనే రాస్తున్నాం, ఎవరు చెప్పారో వాళ్ళనడిగి వాళ్ళ పేరు కూడా రాస్తున్నాం.

కానీ మందుచెట్ల దగ్గరికొచ్చేసరికి మా మాట వేరు. కేరళలో కాణి అనే తెగ ఉంది. 1987లో అగస్త్య కొండల్లో సైంటిస్టులకి దారి చూపించడానికి వెళ్ళిన కాణీలు ఏవో చిన్న కాయలు తింటూ అలుపు లేకుండా నడుస్తున్నారు, సైంటిస్టులకి మాత్రం ఆయాసం. అవేంటని అడిగితే ముందు చెప్పలేదు, తర్వాత చెప్పారు. అదే ఆరోగ్యపచ్చ. దాన్నుంచి జీవని అనే మందు చేశారు, 1995లో ఒక కంపెనీకి 10 లక్షల రూపాయలకీ, అమ్మకాల మీద 2 శాతానికీ హక్కు ఇచ్చారు. అందులో సగం కాణీలకి అన్నారు, 1997లో ట్రస్టు పెట్టారు. లాభం పంచిన మొదటి కేసుల్లో ఒకటని దీన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. అయితే కాణీల్లోనే కొందరు వైద్యులు ఒప్పుకోలేదు. తెగ అందరిదీ అయిన రహస్యాన్ని ఇద్దరు ముగ్గురు ఎలా ఇచ్చేస్తారన్నారు.

ఆ ఇద్దరు ముగ్గురి జాగాలో ఇప్పుడు ఫోన్లు పట్టుకుని ఉన్నది మనమే. పక్షిని చూసి రాయడానికి నా కళ్ళు చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆకాశంలో ఎగిరేదాన్ని ఎవరైనా చూస్తారు. ఎజ్జోడు తన గురువు దగ్గర నేర్చుకున్న వేరు సంగతి అలాంటిది కాదు. అది మా తాతదే అయినా నా సొంతం కాదు. అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(1)(కె) చూడండి, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద హక్కు సమాజానిదని ఉంది. సమాజం అంటే గ్రామసభ, హాస్టల్ రూము కాదు. అందుకని మేం పెట్టుకున్న కట్టుబాటు ఇది: చెట్టు ఫోటో, పువ్వు ఎప్పుడు పూసింది, కాయ ఎప్పుడు కాసింది, ఇవి పెడతాం. దేనికి వాడతారు, ఎలా వాడతారు, ఇది ఊరు కూర్చుని సరే అనే దాకా పెట్టం. ఇన్‌స్టాలో "మా తాత మందు" అని రీల్స్ చేస్తున్న తమ్ముళ్ళకి కూడా ఇదే చెప్తున్నాం, కోపం తెచ్చుకోకండి. లైకులకి ఇచ్చేసింది మళ్ళీ వెనక్కి రాదు.

ఆ ఊరు కూర్చునే చోటు చట్టంలో ఉంది కూడా. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి చెట్లూ జంతువులూ వాటి వాడకమూ రాసిన ప్రజా రిజిస్టరు ఉండాలి. దేశమంతా ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే, 2020 జనవరి 31 లోపు పూర్తిచేయాలని, లేకపోతే రాష్ట్రానికి నెలకి 10 లక్షల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది. గడువు పెడితే మన దేశంలో కాగితం ఎలా తయారవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మేం మా ఊళ్ళలో పెద్దల్ని అడిగాం. రిజిస్టరు రాయడానికి ఎవరైనా వచ్చి మిమ్మల్ని అడిగారా అంటే, రేషన్ కార్డుల సంగతా అన్నారు. 2023లో చట్టాన్ని సవరించారు కూడా. పాత గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్ళు లాభం పంచక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. మనది నోటి మాట జ్ఞానం, ఆ మినహాయింపు కిందికి రాదు. కాబట్టి దాన్ని ఎవరు ఎక్కడ రాస్తున్నారో మనం చూసుకోవాలి.

ఇంకా రెండు జాగ్రత్తలు. వేట ఫోటోలు ఎక్కడా పెట్టకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెట్టడానికి ఒక్క ఫోటో చాలు, మనోడు జైలుకెళ్తే బెయిలుకి తిరిగేది వాళ్ళమ్మే. ఉండేలు పట్టుకునే చిన్న తమ్ముళ్ళకి కూడా చెప్పండి, తిట్టకుండా చెప్పండి. మా బ్యాచ్‌లో చెవితోనే పక్షి పేరు చెప్పేవాళ్ళంతా ఒకప్పుడు ఉండేలు పట్టినవాళ్ళే. అలుగు లాంటి జంతువు కనబడితే చోటు చెప్పకండి, దాని పొలుసుల కోసం తిరిగేవాళ్ళున్నారు. కొన్ని యాపులు ఇలాంటి జాతులు ఎక్కడున్నాయో వాటంతట అవే దాచిపెడతాయి గానీ వాట్సాప్ దాచదు.

సిగ్నల్ లేదని ఆగకండి. యాప్ ముందే దింపుకుంటే కొండ మీద రాసుకోవచ్చు, సిగ్నల్ దగ్గరికొచ్చాక పంపొచ్చు. ఫోనే లేనివాళ్ళు నోట్‌బుక్‌లో తేదీ, టైము, చోటు రాసుకుంటే చాలు, తర్వాత ఎక్కించుకుందాం. దుర్బిణీ లేదని మాకు మొదట్లో బెంగగా ఉండేది. ఇప్పుడు లేదు. జెముడుకాకినీ వడ్రంగిపిట్టనీ చూసి గుర్తుపట్టిన దానికంటే విని రాసినవే మా లిస్టుల్లో ఎక్కువ.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఒకేసారి పక్షుల్ని లెక్కపెడతారు, మన దేశం 2013 నుంచి కలుస్తోంది, కాలేజీ క్యాంపస్‌లకి కూడా వేరుగా లెక్క ఉంటుంది. ఒక్కో లిస్టుకి పావుగంట చాలు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు సీజన్‌వాచ్‌కి ఒక్కొక్కరు ఒక్క చెట్టు పెట్టుకోండి, చింతో, మామిడో, పనసో. మామిడి కొత్తల పండగ చేసే దాకా కొత్త కాయ ముట్టని ఇళ్ళల్లో పెరిగాం మనం. ఆ పండగ మీ ఊళ్ళో ఏ ఏడాది ఏ తేదీన చేశారో పెద్దల్ని అడిగి రాసుకున్నా చాలు, మామిడి ముందుకి జరుగుతోందో వెనక్కి జరుగుతోందో దాన్లోనే ఉంటుంది.

ఈ సెలవుల్లో మేం ఆరుగురం మా ఆరు పంచాయతీలకీ వెళ్ళి జీవవైవిధ్య రిజిస్టరు చూపించమని అడుగుతున్నాం. ఉంటే అందులో మన ఊరి గురించి ఏం రాశారో, ఎవరు చెప్పినట్టు రాశారో చూస్తాం. మీరూ అడగండి. చూపించారా, బీరువా తాళం లేదన్నారా, అలాంటిది లేదన్నారా, ఏది అయితే అది పంచాయతీ పేరుతో ఇక్కడ పెట్టండి. వచ్చే నెల అన్నీ కలిపి ఒక లిస్టు చేస్తాం.